పుండును కాదు, నొప్పిని చూడండి

2024 జూన్‌లో జపాన్ నుంచి ఒక వార్త వచ్చింది గుర్తుందా, 48 గంటల్లో మనిషిని చంపే బ్యాక్టీరియా అని. ఆ ఏడాది జూన్ 2 నాటికే అక్కడ 977 కేసులు తేలాయి, అంతకు ముందు ఏడాది మొత్తం కలిపితే 941. వార్త నిజమే. వాళ్ళు లెక్కపెట్టింది స్ట్రెప్టోకాకల్ టాక్సిక్ షాక్ సిండ్రోమ్‌ను, అంటే ఒంట్లో విషం పాకి అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతినే స్థితిని. అందులో కొందరికి మాంసం కుళ్ళడం కూడా ఉంటుంది, ఆ కుళ్ళే జబ్బుని నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అంటారు, నేను రాస్తున్నది దాని గురించే. కానీ మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి ఆ వార్తకి ఒక ఫోటో అతుక్కుంది. మోకాలి కింద నల్లగా మాడిపోయి, తోలు ఊడి, లోపలి కండ కనిపిస్తున్న కాలు. ఇప్పటికీ వానలు మొదలైతే చాలు, మా చుట్టాల గ్రూపులో ఎవరో ఒకరు "మాంసం తినే బ్యాక్టీరియా, జాగ్రత్త" అని అదే ఫోటో పంపుతారు. మొన్న మళ్ళీ వచ్చింది.

ఆ ఫోటో వల్ల మేలు కంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం. భయపెడుతుందని కాదు, ఈ జబ్బుకి భయపడాల్సిందే. కానీ అది చివరి దశ ఫోటో. మొదటి రోజు కాలు అట్లా ఉండదు, మామూలు కాలులాగే ఉంటుంది. ఆ నల్ల కాలిని మనసులో పెట్టుకున్న మనిషి రేపు తన ఇంట్లో ఎవరికైనా ఇదే జబ్బు మొదలైతే వాళ్ళ కాలు చూసి, "ఇది అది కాదులే, పైకి ఏమీ లేదు కదా" అని ఊపిరి పీల్చుకుంటాడు. అదే మాట మా ఇంట్లో కూడా వినిపించింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పెద్దమ్మ కాలు

మా పెద్దమ్మది పూతలపట్టు దగ్గర పల్లె. ఇంట్లో ఆవులున్నాయి, డెయిరీకి పాలు పోస్తారు. గడ్డి కోస్తుంటే కొడవలి కొన పిక్కకి తగిలింది. తెగింది అనడానికి కూడా లేదు, గీరుకుంది అంతే. కాస్త పసుపు అద్దుకుని పని చూసుకుంది. మర్నాడు సాయంత్రానికి కాలు లాగుతోందని మంచమెక్కింది. పొద్దు ఉండగా పెద్దమ్మ పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు, అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ అందరూ చేసిందేమిటంటే, చీర కొంచెం పైకి జరిపి కాలు చూశారు. గీరుకున్న చోట కాస్త ఎరుపు, చుట్టూ కొంచెం వాపు, చీము లేదు, బొబ్బ లేదు. "ఏం లేదు లేమ్మా, నరం పట్టుంటాది" అన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి నొప్పికి సూది వేసి పోయాడు. కాసేపు తగ్గింది కూడా. పక్కింటాయన బెణికిందేమో, పొద్దున పుత్తూరు పోయి కట్టు కట్టించుకోండి అని సలహా ఇచ్చాడు.

ఆ రాత్రి చలి జ్వరం, వాంతులు. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టింది. "తోలు మీద కాదురా, ఎముకలోంచి కాలుతోంది" అని తన కొడుకుతో అన్న మాట ఈ జబ్బు గురించి ఇప్పటిదాకా నేను చదివిన వాటన్నిటికంటే స్పష్టంగా ఉంది. కాన్పులకి కూడా గట్టిగా అరవని మనిషి ఆవిడ.

తెల్లవారుజామున కార్లో బయలుదేరారు. మొదట చూపించిన చోట చర్మానికి ఇన్‌ఫెక్షన్, అంటే సెల్యులైటిస్ అన్నారు, మాత్రలు రాసి ఇంటికి వెళ్ళొచ్చన్నారు. మా అన్న వినలేదు, తిరుపతికి తీసుకొచ్చాడు. అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ చేసిన పని నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. జేబులోంచి బాల్ పెన్ను తీసి, ఎరుపు ఎక్కడిదాకా ఉందో దాని అంచు వెంబడే కాలి మీద గీత గీసింది, పక్కనే టైము వేసింది. రక్తం పరీక్షకి పంపి, వేరే పేషంట్లను చూసి వెనక్కి వచ్చేసరికి ఎరుపు ఆ గీత దాటి రెండు వేళ్ళ మందం పైకి వచ్చేసింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు, నేరుగా సర్జన్‌కి ఫోన్ చేసింది.

సర్జన్ ముందు చిన్న కోత పెట్టి చూశారు. చీము రాలేదు, రక్తం కూడా సరిగా రాలేదు, బూడిద రంగులో పలుచటి నీళ్ళు వచ్చాయి. అంట్లు కడిగిన నీళ్ళు అని సర్జన్లే దానికి పేరు పెట్టుకున్నారు. వేలు పెడితే గట్టిగా అంటుకుని ఉండాల్సిన పొర విడిపోతూ పోయింది. అప్పటికప్పుడు ఆపరేషన్, తర్వాత మళ్ళీ మళ్ళీ శుభ్రం చేయడం, పుండులో కొత్త కండ ఎర్రగా వచ్చాక రెండో తొడ మీంచి తోలు తీసి అతికించడం. కాలు మిగిలింది, మనిషి మిగిలింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది, పాలు మాత్రం ఆవిడే పిండుతుంది.

లోపల జరిగేది

ఇంత జరుగుతుంటే పైకి ఎందుకు కనపడలేదు సార్ అని మా అన్న సర్జన్‌ని అడిగాడు. మటన్ కొట్టేటప్పుడు తోలుకీ కండకీ మధ్య తెల్లగా సాగే పొర చూసుంటారు కదా, మన ఒంట్లోనూ అదే పొర ఉంటుంది, ఫాసియా అంటారు, ఈ జబ్బు ఆ పొర వెంబడి పాకుతుంది అని చెప్పారాయన. నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అనే పేరు 1952లో వచ్చింది కానీ జబ్బు కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల్లో దీన్ని చూసిన జోసెఫ్ జోన్స్ అనే సైనిక వైద్యుడు 1871లోనే రాసిపెట్టాడు.

బ్యాక్టీరియా కూర్చుని మాంసం తినదు. అది వదిలే విషాలకు ఆ పొరలోనూ చుట్టుపక్కలా ఉన్న సన్నటి రక్తనాళాలు గడ్డకట్టి మూసుకుపోతాయి, రక్తం అందని మాంసం చచ్చిపోతుంది. మనం నరంలోకి ఎక్కించే యాంటీబయాటిక్ కూడా రక్తంలోంచే కదా వెళ్ళాలి. రక్తమే పోని చోటికి మందు ఎట్లా పోతుంది? అందుకే ఎంత ఖరీదైన మందు ఎక్కించినా చచ్చిన భాగాన్ని కోసి తీసేయక తప్పదు. మందు అక్కర్లేదని కాదు, రెండూ ఒకేసారి మొదలు కావాలి. ఆసుపత్రికి చేరిన ఆరు గంటల లోపు ఆపరేషన్ జరిగినవాళ్ళలో చావులు తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అన్నీ సరిగా జరిగినా ఈ జబ్బు వచ్చినవాళ్ళలో దాదాపు అయిదో వంతు మంది బతకరు.

ఇందులో మోసం చేసే సంగతి ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే భయం దానివల్లే. చర్మానికి వెళ్ళే నరాలు చచ్చిపోతే నొప్పి తగ్గిపోతుంది. రాత్రంతా అరిచిన మనిషి పొద్దున నెమ్మదిస్తే ఇంట్లోవాళ్ళు దేవుడికి దండం పెట్టుకుంటారు. జ్వరం అట్లాగే ఉండి, వాపు పెరుగుతూ ఉండి, నొప్పి ఒక్కటే పోయి ఆ చోట మొద్దుబారిందంటే అది తగ్గడం కాదు. ఆ తర్వాతే రంగు ఊదాగా మారడం, నల్లటి నీటి బొబ్బలు, నొక్కితే తోలు కింద గాలి కరకరమన్నట్టు తెలియడం. వాట్సాప్ ఫోటో ఈ దశకీ తర్వాతది.

అట్లయితే కాలు నొప్పి వచ్చినవాళ్ళంతా పరిగెత్తాలా?

ఈ ప్రశ్న నన్ను అడిగింది నాకు బాగా తెలిసిన ఒక సర్జనే. ఆయన వాదన ఇది: చాలా అరుదైన జబ్బు, కాలు వాచి వచ్చే వందమందిలో దాదాపు అందరికీ ఉండేది మామూలు సెల్యులైటిసో, బెణుకో, రక్తం గడ్డకట్టడమో. నువ్విట్లా రాస్తే జనం గోరుచుట్టుకి కూడా అర్ధరాత్రి క్యాజువాలిటీకి వస్తారు, పెద్ద యాంటీబయాటిక్ రాయమని పట్టుబడతారు, ఆ మందులు రేపు పనిచేయకుండా పోతాయి.

ఈ వాదనలో సగం ఒప్పుకుంటాను. ఎరుపు కనిపించగానే మెడికల్ షాపులో మందులు అడిగి మింగడం, మూడో రోజు ఆపేయడం మన దగ్గర ఇప్పటికే ఉన్న రోగం, దానికి నా పోస్టు తోడు కాకూడదు. మిగతా సగం ఒప్పుకోను. నేను అడుగుతున్నది ప్రతి నొప్పికీ పరిగెత్తమని కాదు, నొప్పికీ కనిపించేదానికీ పొంతన లేనప్పుడు పరిగెత్తమని. గాయం చిన్నది, బాధ పెద్దది. ఎరుపు ఉన్నంత మేరే కాకుండా దాన్ని దాటి అవతల కూడా వాపు, నొక్కితే నొప్పి. గంటల్లో పెరగడం. జ్వరం, గుండె దడ, మనిషి తికమకగా మాట్లాడటం. ఇందులో ఏ రెండు కలిసినా పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. పెన్ను గీత గీయడానికి డాక్టరే కానక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా గీయొచ్చు, టైము వేయొచ్చు. ఆ గీతతో వెళ్తే క్యాజువాలిటీలో వాళ్ళకి కూడా అరగంట కలిసొస్తుంది.

డాక్టర్లని తప్పుపట్టడం తేలిక, కానీ మొదటిసారి చూసినప్పుడు ఈ కేసుల్లో ఎక్కువ భాగం వేరే జబ్బుగా కనిపిస్తాయని వైద్య పుస్తకాలే ఒప్పుకుంటాయి. రక్త పరీక్షల ఫలితాలు కలిపి అంచనా వేసే స్కోరు ఒకటి 2004లో సింగపూర్ డాక్టర్లు తయారుచేశారు. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగేది), తెల్లకణాలు, హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, షుగరు, ఈ ఆరూ కూడతారు. స్కోరు ఎక్కువ వస్తే అనుమానం బలపడుతుంది, తక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేరు. చివరికి మంచం దగ్గర నిలబడి కాలు ముట్టుకుని, మనిషి మాట విని తేల్చుకోవాల్సిందే, అప్పటికీ అనుమానం తీరకపోతే కోసి చూడాల్సిందే. మనిషి మాట అన్నాను చూడండి, అక్కడే మన ఇళ్ళలో దెబ్బతింటున్నాం. ఓర్చుకో అంటాం. ఆడవాళ్ళనైతే మరీ.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రాదులే అన్న ధీమా కూడా పనికిరాదు. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న ఎరిక్ కార్నెల్‌కి 2004లో, 42 ఏళ్ళ వయసులో ఇది వచ్చి, ఎడమ చెయ్యి భుజంతో సహా తీసేయాల్సి వచ్చింది. కెనడా రాజకీయ నాయకుడు లూసియన్ బూషార్ 1994 చివర్లో ఒక కాలు పోగొట్టుకున్నాడు. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వేరే వాటి తోడు లేకుండా ఒక్కటే ఎవరినైనా పట్టుకోగలదు, మామూలుగా గొంతు నొప్పి తెచ్చేది కూడా అదే. ఇప్పటిదాకా దానికి టీకా లేదు.

నొప్పి సూది మాట కూడా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఈ జబ్బుని తెస్తాయని రుజువు లేదు, అట్లా అనకూడదు. కానీ జ్వరాన్నీ నొప్పినీ కప్పేస్తాయి. ఈ జబ్బుని పట్టుకోవడానికి మొదటి రోజు మన చేతిలో ఉండే ముఖ్యమైన గుర్తులు ఆ రెండే. సూది ప్రభావం దిగగానే నొప్పి ముందుకంటే ఎక్కువగా తిరగబడితే రెండో సూదికి కబురు పెట్టకుండా ఆసుపత్రికి బయలుదేరాలి.

నొప్పే తెలియనివాళ్ళ సంగతి

ఇంతవరకు నొప్పిని నమ్మండి అని చెప్పుకుంటూ వచ్చాను, ఇక్కడ నా వాదనకే అడ్డం తగిలే సంగతి ఒకటుంది. చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, వాళ్ళకి నొప్పే రాకపోవచ్చు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది వాళ్ళకే, అదీ ఒక్క బ్యాక్టీరియాతో కాదు, నాలుగైదు రకాలు కలిసి.

తిరుపతిలో ఉంటూ ఈ మాట రాస్తే కొండ గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, చెప్పుల్లేకుండా ఎక్కుతాం. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కే మొక్కున్నవాళ్ళని ఎప్పుడు వెళ్ళినా చూస్తాను, వాళ్ళలో అరవై దాటిన ఆడవాళ్ళు ఎంతమందో. ఎండలో కాలిన రాతి మీద నడిస్తే షుగరున్న పాదానికి బొబ్బ వచ్చినా తెలియదు, గాజు పెంకు దిగినా తెలియదు. కిందికి వచ్చాక లాడ్జిలో పడి నిద్రపోతారు, మర్నాడు బస్సెక్కి ఊరికి పోతారు, అక్కడెప్పుడో సాక్సు రక్తంతో తడిస్తే చూసుకుంటారు. కొండెక్కొద్దని నేను అనను, అననే అనను, మా అమ్మ షుగరుతోనే ఎక్కింది. ఎక్కబోయే ముందు డాక్టర్ దగ్గర పాదాలు చూపించుకోండి, సాక్సు వేసుకోండి, ఎండ రాకముందే మొదలుపెట్టండి. పైకి చేరగానే ఎవరో ఒకరు ఆ పాదాల అడుగు భాగం, వేళ్ళ సందులు వెలుతుర్లో చూడాలి. వంగలేనివాళ్ళు ఫోన్ కెమెరాలో చూసుకోవచ్చు. వాళ్ళ విషయంలో నొప్పి కోసం ఆగడానికి లేదు, వాపు, వాసన, జ్వరం, కారణం లేకుండా షుగరు ఒక్కసారిగా పెరగడం, ఇవే గుర్తులు.

2021 నవంబర్ వరదప్పుడు తిరుపతిలో వీధులకి వీధులు మునిగి, మురుగూ వరదా ఒకటైన నీళ్ళలో జనం తిరిగారు. ఆ నీళ్ళకి నాని తెల్లబడి చిట్లిన వేళ్ళ సందులు చూశాను. ఆ సన్నటి చీలికలు చాలు బ్యాక్టీరియా లోపలికి పోవడానికి. వరదే రానక్కర్లేదు, మడిలో నాట్లేసే ఆడవాళ్ళకీ, హోటళ్ళలో అంట్లు తోమేవాళ్ళకీ ఇది రోజూ ఉండేదే.

సిగ్గు, భక్తి

ఈ జబ్బు మర్మాంగాల దగ్గర, పిరుదుల దగ్గర మొదలయ్యే రకం ఒకటుంది. 1883లో దీని గురించి రాసిన ఫ్రెంచి డాక్టర్ పేరు మీద ఫోర్నియర్ గ్యాంగ్రీన్ అంటారు. షుగరున్న మగవాళ్ళలో ఎక్కువ. అక్కడ చిన్న గడ్డ లేస్తే మన పెద్దవాళ్ళు కొడుక్కి చెప్పరు, కోడలికి అసలే చెప్పరు, కూర్చోలేక పక్కకి ఒరిగి కూర్చుంటారు. ఇంట్లో తండ్రి కుర్చీలో అట్లా కూర్చోవడం కనపడితే మీరే అడగండి. సిగ్గుపడుతున్న మనిషి తనంతట తను నోరు విప్పేదాకా ఆగితే రెండు రోజులు పోతాయి.

ఇంకొకటి ఆటలమ్మ. అమ్మవారు పోసిందని వేపాకు పరిచి పడుకోబెట్టి, మందు ముట్టించరు. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు, చాలామంది పిల్లలకి అది దానంతట అదే తగ్గుతుంది కూడా. కానీ పొక్కుల మీంచి స్ట్రెప్టోకాకస్ లోపలికి పోవడం తెలిసిన సంగతే. జ్వరం తగ్గుముఖం పట్టి మూడు నాలుగు రోజులకి మళ్ళీ పైకి లేస్తే, ఒక పొక్కు చుట్టూ మాత్రం ఎర్రగా వాచి బిడ్డ చెయ్యి పెట్టనివ్వకపోతే, తలంటు అయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆటలమ్మ ఉన్న పిల్లలకి ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు, జ్వరానికి పారాసిటమాల్ చాలు.

గీరుకున్న రోజు

అసలు రాకుండా చూసుకోవడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అంత మామూలు పనులవి. కుళాయి నీళ్ళు ధారగా పోస్తూ సబ్బుతో కడగాలి. మట్టి, గడ్డి పోచ లోపల మిగలకూడదు. తడి తుడిచి శుభ్రమైన పొడి గుడ్డో బ్యాండేజో కట్టాలి, తడిస్తే మార్చాలి. పచ్చి గాయంతో చెరువులో, కాలవలో, స్విమ్మింగ్ పూల్‌లో దిగొద్దు. వేళ్ళ సందుల్లో చిట్లుతుంటే దానికి క్రీము రాయించుకోవాలి, అదీ ఒక గాయమే. పేడ, సున్నం, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ గాయం మీద పెట్టకండి, వాటితో పాటు మట్టీ లోపలికి పోతుంది, పైగా రంగు కప్పేసి కింద ఏం జరుగుతోందో కనపడనివ్వవు. పసుపు కూడా అంతే, ఎరుపు ఎక్కడిదాకా ఉందో తెలియకుండా చేస్తుంది.

టీటీ వేయించుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది. ఆ సూది ధనుర్వాతానికి మాత్రమే. వేయించుకోవాల్సిందే, కానీ ఈ జబ్బుకి దానితో సంబంధం లేదు. పక్కనుంటే అంటుకుంటుందేమో అని పెద్దమ్మ దగ్గరికి రావడానికి మా చుట్టాలే కొందరు జంకారు, అది కూడా అనవసరం. ఒకరి నుంచి ఇంకొకరికి ఇదే జబ్బుగా అంటుకోవడం చాలా అరుదు, చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

అనుమానం వచ్చాక ఎక్కడికి పోవాలో తెలియక తిరగడంలోనే మనకి ఎక్కువ టైము పోతోంది. పలమనేరు వైపు వాళ్ళు చిత్తూరు రావాలి, అక్కణ్ణుంచి తిరుపతో వేలూరో. మధ్యలో ఆగిన ప్రతిచోటా గ్లూకోజ్ పెట్టి, తెల్లారాక పెద్ద డాక్టర్ చూస్తారంటే రాత్రి గడిచిపోతుంది. బయలుదేరే ముందు ఫోన్ చేసి ఒక్కటే అడగండి: ఈ రాత్రి సర్జన్ ఉన్నారా, ఆపరేషన్ థియేటర్ ఉందా? లేదంటే ఆ ఊరు వదిలేసి ఉన్నచోటికే పొండి. కారు లేకపోతే 108. చేరాక, కాలు చూడండి సార్ అని ఊరుకోకండి. ఎప్పుడు గీరుకుందో, నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎరుపు ఏ టైముకి ఎక్కడుందో, షుగరు ఎంతో, నొప్పి సూది ఏది ఎప్పుడు వేశారో ఒక కాగితం మీద రాసి వాళ్ళ చేతిలో పెట్టండి. ఇది మాంసం కుళ్ళే ఇన్‌ఫెక్షన్ కాదని ఖాయంగా చెప్పగలరా, సర్జన్ ఒకసారి చూస్తారా అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మళ్ళీ అడగండి.